ఇంటి దగ్గర చిన్నపిల్లల చదువుకు ఆన్‌లైన్ తరగతి వేదికలు: వరంగల్ ప్రాంతం

ఉపాధ్యాయులు పాఠాలు, అభ్యాసాలు, ఇంటిపని ఒకచోట పెట్టి పంపితే, పిల్లలు ఇంట్లో కూర్చునే వాటిని అందుకుని, చేసిన పనిని తిరిగి పంపేందుకు వీలు కల్పించేవి ఆన్‌లైన్ తరగతి వేదికలు. గూగుల్ క్లాస్‌రూమ్ వంటివి ఈ పని కోసమే తయారయ్యాయి. జూమ్, గూగుల్ మీట్ ముఖాముఖి మాట్లాడుకోవడానికి పుట్టినవి. వాట్సాప్ కబుర్ల కోసం పుట్టింది. అయినా ఓరుగల్లు వీధుల్లో బడిని ఇంటికి చేర్చింది ఎక్కువగా వాట్సాపే. వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన ఈ నగరం తెలంగాణలో హైదరాబాదు తర్వాత పెద్దది. 1959లో దేశంలోనే మొట్టమొదటి ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల (2002 నుంచి జాతీయ సాంకేతిక సంస్థ) వచ్చిందీ, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వెలిసిందీ ఇక్కడే. ఇక్కడినుంచి ములుగు, ఏటూరునాగారం దిక్కు సాగితే కొన్ని గంటల్లోనే ఫోను సిగ్నలు కోసం చెట్టో గుట్టో వెతుక్కోవలసిన ఊళ్లు వస్తాయి. ఆన్‌లైన్ చదువు శక్తి ఎంతో, హద్దు ఎక్కడో రెండూ ఒకే పాత జిల్లాలో కనిపిస్తాయి కాబట్టి ఈ వ్యాసం ఆ ప్రాంతాన్ని ఆధారం చేసుకుంది. ప్రధానంగా ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చదివే పిల్లల గురించి ఇందులో చర్చ.

పూర్వరంగం

తెర మీద పాఠం తెలుగు పల్లెలకు 2020లో కొత్తగా రాలేదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా భారత అంతరిక్ష పరిశోధన సంస్థ, అమెరికా అంతరిక్ష సంస్థ కలిసి నడిపిన ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 గ్రామాలకు చేరింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి వచ్చే ప్రసారాల్లో ఉదయం పూట కార్యక్రమం బడిపిల్లలకు, సాయంత్రం పూటది పెద్దలకు. ఊరికి ఒకటే పెట్టె, దాని చుట్టూ ఊరంతా. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో 2000ల తొలినాళ్లలో ‘మన టీవీ’ వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక అది 2017లో టీ-శాట్‌గా మారి, ‘విద్య’, ‘నిపుణ’ అనే రెండు ఛానళ్లుగా నడుస్తోంది.

ఇవన్నీ ఒకవైపు ప్రసారాలు. టీవీలో సారు ప్రశ్న అడుగుతాడు, పిల్లాడు జవాబు చెబుతాడు, ఆ జవాబు సారుకు వినిపించదు. ఈ లోటు తీరే దారి 2014 ఆగస్టులో గూగుల్ క్లాస్‌రూమ్ రాకతో కనబడింది. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలయ్యాక మొబైల్ డేటా ధర ఒక్కసారిగా పడిపోయింది. అప్పటిదాకా మాట్లాడుకోవడానికే ఉన్న ఫోను వీడియో చూసే సాధనమైంది. 2017 సెప్టెంబరు 5న, గురుపూజోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు దీక్షా వేదికను ప్రారంభించారు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ మీద ఫోను పెడితే ఆ పాఠానికి సంబంధించిన వీడియో, అభ్యాసం తెరుచుకోవడం దీని ప్రత్యేకత. తెలంగాణ పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఆ నల్లచుక్కల చతురస్రాలు వచ్చి చేరాయి. అయినా 2020 మార్చి దాకా వాటి మీద ఫోను పెట్టిన తల్లిదండ్రులు తక్కువే. అవసరం రాలేదు.

బడి మూసిన రెండేళ్లు

కోవిడ్ వ్యాప్తితో 2020 మార్చి మధ్యలో తెలంగాణ ప్రభుత్వం బడులు మూసేసింది. మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. మార్చి 19న మొదలైన పదో తరగతి పరీక్షలు మధ్యలో ఆగిపోయాయి. జూన్ 8న వాటిని రద్దు చేసి, సుమారు 5.34 లక్షల మందిని అంతర్గత మార్కులతో ఉత్తీర్ణుల్ని చేశారు. ప్రైవేటు బడులు కొన్ని వేసవిలోనే జూమ్ తరగతులు పెట్టాయి. తొలివారాల్లో ఎల్‌కేజీ పిల్లల్ని కూడా గంటల తరబడి ఫోను ముందు కూర్చోబెట్టిన చోట్లున్నాయి. జూలై 14న అప్పటి కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ ‘ప్రగ్యాత’ పేరిట మార్గదర్శకాలు ఇచ్చింది. పూర్వ ప్రాథమిక పిల్లలకు, అదీ తల్లిదండ్రులతో మాట్లాడి మార్గం చూపడానికి, రోజుకు 30 నిమిషాలు మించరాదు. ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు 30–45 నిమిషాల చొప్పున రెండు తరగతులకు మించరాదు. తొమ్మిది నుంచి పన్నెండుకు నాలుగు. ఆ కాలంలో వెలువడిన కాగితాల్లో చిన్నపిల్లల శరీరాన్ని, ఓపికను దృష్టిలో పెట్టుకున్నది ఇదేనని చెప్పవచ్చు.

ప్రభుత్వ బడుల పిల్లలకు తెలంగాణలో 2020 సెప్టెంబరు 1న పాఠాలు మొదలయ్యాయి. ఉపాధ్యాయులు ఆగస్టు 27 నుంచే బడికి వచ్చారు. దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠం ప్రసారమవుతుంది, పిల్లలు ఇంట్లో చూస్తారు, వర్క్‌షీటు చేస్తారు, ఉపాధ్యాయుడు ఫోనులోనో వాట్సాప్‌లోనో కనుక్కుంటాడు. ఇది మూడో తరగతి నుంచి పదో తరగతి వరకూ వేసిన ఏర్పాటు. ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఆ సెప్టెంబరు పట్టికలో లేరు. అక్షరం అప్పుడప్పుడే దిద్దుతున్నవాళ్లకు టీవీ పాఠం ఎలా చెప్పాలో ఎవరికీ తేలలేదన్నది నిజమే. కానీ అందరికంటే ఎక్కువ నష్టపోగలిగినవాళ్లు కూడా వాళ్లే. ఈ వ్యాసానికి ఆ ఖాళీయే కేంద్రం.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు, ఆ నెలాఖరులో ఆరు నుంచి ఎనిమిది తెరుచుకున్నాయి. ప్రాథమిక తరగతులు తెరుచుకోనేలేదు. మార్చి 24న మళ్లీ అంతా మూత. 2021 జూలై 1న మరోసారి ఆన్‌లైన్ పాఠాలు, సెప్టెంబరు 1న బడి. 2022 జనవరిలో మూడో తరంగం వచ్చి సంక్రాంతి సెలవులు పొడిగించి, ఫిబ్రవరి 1న తలుపులు తీశారు. లెక్క వేస్తే 2020 జూన్‌లో ఒకటో తరగతిలో చేరవలసిన పాప బడి గదిలో మొదటిసారి కూర్చునేసరికి రెండో తరగతిలో ఉంది.

వేదికలు, వాటి పనితీరు

గూగుల్ క్లాస్‌రూమ్‌లో ఉపాధ్యాయుడు ఒక తరగతి తెరిస్తే దానికి కోడ్ పుడుతుంది. ఆ కోడ్ కొట్టిన పిల్లలు లోపలికి వస్తారు. పాఠం, గడువు తేదీతో ఇంటిపని, చేసిన పని వెనక్కి ఇవ్వడం, మార్కులు, వ్యాఖ్య అన్నీ ఒక వరుసలో ఉంటాయి. ఎవరు పంపారో ఎవరు పంపలేదో చూడగానే తెలుస్తుంది. అసలు చిక్కు ఖాతాతోనే మొదలవుతుంది. 13 ఏళ్లు నిండనివాళ్లు సొంతంగా గూగుల్ ఖాతా తెరుచుకోవడానికి లేదు. బడి ఇచ్చిన ఖాతా కావాలి, లేదా తల్లిదండ్రుల పర్యవేక్షణలో తెరవాలి. హనుమకొండలోని పెద్ద ప్రైవేటు బడులకు అది చేతనైన పని. మండలంలోని ప్రాథమిక పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయులు ఐదు తరగతులు చూసుకుంటూ ఆ ఖాతాలన్నీ తెరిచి, మరచిపోయిన పాస్‌వర్డులు మళ్లీ మళ్లీ ఇవ్వడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకే తెలుసు.

అందుకే వాట్సాప్ గెలిచింది. కొత్తగా ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు, పాస్‌వర్డు లేదు, డేటా తక్కువ తింటుంది, సిగ్నలు వచ్చినప్పుడే సందేశం దిగుతుంది. చదవడం రాని అమ్మ కూడా సారు గొంతు రికార్డు నొక్కి వింటుంది, పిల్ల నోటుబుక్కు ఫోటో తీసి పంపుతుంది. లోపాలూ అక్కడే ఉన్నాయి. ముప్పైమంది పిల్లలు రెండేసి పేజీలు పంపితే రాత్రి ఉపాధ్యాయురాలి ఫోనులో అరవై ఫోటోలు. ఏది ఎవరిదో పేరు ఉండదు, కొన్ని పక్కకు తిరిగి ఉంటాయి, కొన్ని చీకట్లో తీసినవి. మధ్యలో శుభోదయం బొమ్మలు. ఫోనులో జాగా నిండిపోతే నిన్నటి పిల్లల పని చెరిపేస్తేగాని ఇవాళ్టిది దిగదు. పిల్ల నెల కింద ఎక్కడుంది, ఇప్పుడు ఎక్కడుంది అని చూసుకోవడానికి ఆధారం మిగలదు. క్లాస్‌రూమ్ వంటి వేదిక విలువ తెలిసేది ఇక్కడే: అది పని దాచిపెడుతుంది.

తెలుగులో చదవడం నేర్చుకునే పిల్లలకు పనికొచ్చినవి ఇంకో రెండున్నాయి. గూగుల్ 2019లో ‘బోలో’ పేరుతో తెచ్చి 2020 మేలో ‘రీడ్ అలాంగ్’గా మార్చిన అనువర్తనంలో తెలుగు ఉంది. పిల్ల బయటికి చదువుతుంటే అది వింటుంది, తడబడిన మాట పలికి చూపిస్తుంది. ఒకసారి కథలు దింపుకుంటే ఆ తర్వాత నెట్ లేకపోయినా నడుస్తుంది. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన ‘స్టోరీవీవర్’లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా, చదువు మెట్ల వారీగా దొరుకుతాయి. ఇంట్లో పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం లేని పిల్లకు ఇది చిన్న మేలు కాదు.

చిన్నపిల్లల తరగతి ఎందుకు వేరు

ఎనిమిదో తరగతి పిల్లవాడికి పాఠం వినడం, రాసుకోవడం, సందేహం అడగడం వచ్చు. తెర ఆ అలవాట్ల మీద నిలబడుతుంది. ఆరేళ్ల పిల్లకు నేర్పవలసింది ఆ అలవాట్లనే. మన ఇళ్లలో అక్షరాభ్యాసం ఎలా చేస్తామో గుర్తు తెచ్చుకుంటే సంగతి అర్థమవుతుంది: పళ్లెంలో బియ్యం పోసి, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, పెద్దలు ఆ చిన్న వేలు పట్టుకుని దిద్దిస్తారు. చెయ్యి మీద చెయ్యి వేసి దిద్దించడమే ఆ పాఠం. ఏ వేదికకూ చెయ్యి లేదు.

తెలుగు లిపి సంగతి తీసుకుందాం. ‘మ’, ‘య’ మధ్య తేడా కంటికి కొద్దిపాటిదే. ‘వ’, ‘ప’ దగ్గర, ‘ద’, ‘ధ’, ‘థ’ల దగ్గర పిల్లలు తడబడతారు. గీత ఎక్కడ మొదలై ఎటు తిరిగిందో చేతికి అలవాటు కావాలి. నోటుబుక్కు ఫోటోలో చివరి ఆకారమే కనిపిస్తుంది, చెయ్యి నడిచిన దారి కనిపించదు. పిల్ల కింది నుంచి పైకి గీసి ‘అ’ తెచ్చినా ఫోటోలో అది ఒప్పే. అదే పది సెకన్ల వీడియో తీసి పంపితే ఉపాధ్యాయురాలు పొరపాటు పట్టుకోగలదు. చదవడానికైతే అన్నిటికంటే మేలైన సాధనం గొంతు రికార్డు. ‘అమ్మ’ను ‘అమ’ అని, ‘పళ్లెం’ను ‘పళెం’ అని చదివిన పిల్ల ఒత్తు దగ్గర ఆగిపోతోందని ఒక్కసారి వింటే తెలుస్తుంది. మార్కుల పరీక్ష ఇంత సూటిగా చెప్పదు. అదీగాక అన్నయ్య చేసి పెట్టిన లెక్కను ఫోటో పట్టివ్వలేదు గాని, అన్నయ్య చదివితే గొంతు పట్టిస్తుంది.

లెక్కల్లోనూ అంతే. తెర మీద పది మామిడిపళ్లు ఎగిరొచ్చి బుట్టలో పడే వీడియో పిల్లను నవ్విస్తుంది. కానీ పదిని పట్టుకుని చూడాలి. చింతగింజలు, గవ్వలు, చీపురుపుల్లల కట్టలు ప్రతి ఇంట్లో దొరుకుతాయి. “ఇరవై మూడు చింతగింజలు తీసుకుని పదేసి కుప్పలు పెట్టు, మిగిలినవి ఎన్నో అమ్మకు చెప్పు, అమ్మ నాకు చెబుతుంది” అని పంపిన పనిలో ఫోను పాత్ర అర నిమిషం, చింతగింజలది పావుగంట. ఒకటి రెండు తరగతులకు ఆన్‌లైన్ పాఠం అంటే ఈ నిష్పత్తిలో ఉండాలన్నది ఈ వ్యాసకర్త గట్టి అభిప్రాయం. తెర మీద జరిగేది కబురు. చదువు జరిగేది నేల మీద.

నేరుగా పెట్టే జూమ్ తరగతి చిన్నపిల్లల్లో ఒక్క పనికి బాగా ఉపయోగపడింది: ముఖాలు చూసుకోవడానికి. నెలల తరబడి ఇంట్లో ఉన్న పిల్ల తన టీచరును, పక్కన కూర్చునే స్నేహితురాలిని చూసి పేరు పెట్టి పిలిస్తే చదువు మీద మనసు నిలుస్తుంది. దానికి వారానికి రెండుసార్లు, ఐదారుగురు పిల్లలతో, ఇరవై నిమిషాలు చాలు. నలభైమందిని ఒకేసారి కూర్చోబెట్టి మైకులు ఆపేస్తే, అది టీవీ పాఠమే అవుతుంది, డేటా ఖర్చు అదనం.

ఇంట్లో పెద్దలు

ఇంటి చదువుకు వేదిక, పాఠం, ఉపాధ్యాయుడు అని మూడు అంగాలు చెబుతుంటారు. నాలుగోదాన్ని, అంటే పక్కన కూర్చునే మనిషిని, ప్రణాళికల్లో తక్కువ రాస్తారు. ఆస్ట్రేలియాలో ఈ సంగతి ముందే గుర్తించారు. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో రేడియో మీద మొదలైన ‘స్కూల్ ఆఫ్ ది ఎయిర్’ దూర ప్రాంతపు పశుక్షేత్రాల్లోని పిల్లలకు పాఠాలు చెప్పింది. ప్రతి ఇంట్లోనూ ఒక పెద్దమనిషి, చాలాచోట్ల తల్లి, ‘ఇంటి బోధకురాలు’గా పిల్ల పక్కన కూర్చుంటుంది. ఏం చెయ్యాలో ఆమెకు బడి నేర్పుతుంది. అమెరికాలోని తెలుగు పిల్లల కోసం సిలికానాంధ్ర 2007లో మొదలుపెట్టిన మనబడి తరగతులు కోవిడ్ కాలంలో తెర మీదికి మారినా నిలిచాయంటే, వారం పొడుగునా ఇంట్లో తెలుగు పలికించే తల్లిదండ్రులు వెనక ఉండటం పెద్ద కారణం.

వరంగల్ ఇళ్లలో ఆ నాలుగో అంగం పరిస్థితి ఏమిటి? 2011 జనగణన నాటికి తెలంగాణ స్త్రీలలో అక్షరాస్యులు సుమారు 58 శాతం. అంటే ఒకటో తరగతి పిల్లకు తల్లిగానో నాయనమ్మగానో పక్కన కూర్చునే ఆడవాళ్లలో చదవడం రానివాళ్లు చాలామంది. ఫోను సంగతి మరోటి. ఏనుమాముల మార్కెట్లో హమాలీ పనికి, మేస్త్రీ పనికి, ఆటో నడపడానికి పోయే నాన్న జేబులో పొద్దున్నే ఇల్లు దాటుతుంది. పదిన్నరకు పాఠం పెడితే ఆ ఇంట్లో ఫోనే లేదు. కొత్తవాడలో మగ్గం మీద జంపఖానాలు నేసే ఇంట్లో అమ్మానాన్న ఇద్దరూ ఇంట్లోనే ఉన్నా చేతులు ఖాళీగా ఉండవు. ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే పెద్ద తరగతి వాడికే ఫోను ముందు దక్కుతుంది. చిన్నదాని వంతు వచ్చేసరికి ఛార్జింగ్ అయిపోతుంది, లేదా దానికి నిద్ర వస్తుంది.

ఈ స్థితిలో పనిచేసినవి కొన్ని సాదా పద్ధతులే. రోజుకు ఒకే పని ఇవ్వడం. దాన్ని సాయంత్రం ఆరేడు గంటలకు, నాన్న ఫోనుతో ఇల్లు చేరే వేళకు పంపడం. రాతలో కాకుండా గొంతులో చెప్పడం, అదీ ఎవరో కొత్త మనిషి వీడియోలో కాక పిల్లకు తెలిసిన టీచరు గొంతులో. జవాబుకు మర్నాడు సాయంత్రం దాకా గడువు ఉంచడం. చదవడం రాని తల్లికి కూడా చెయ్యగలిగిన పాత్ర చూపించడం: “పాప కథ చదువుతుంటే మీరు వినండి, అయ్యాక కథలో ఏం జరిగిందో అడగండి.” అక్షరం రాకపోయినా కథ అడగడం ప్రతి తల్లికీ వచ్చు. పిల్లకు కావలసిందీ అదే, తను చదివినదాన్ని ఎవరైనా వినాలి. “నాకు చదువు రాదు, నేనేం చెప్పను” అని పక్కకు తప్పుకునే తల్లిని తిరిగి పిల్ల దగ్గరికి తెచ్చిన ఉపాధ్యాయులు ఆ రెండేళ్లలో నిజంగా బోధించారని అనాలి.

ఇంకో సంగతి దిద్దుబాటు గురించి. ఫోటో పంపగానే బొటనవేలు బొమ్మ ఒకటి తిరిగొస్తే పిల్లకు తెలిసేదేమీ లేదు. “మూడో లెక్కలో పది అప్పు తెచ్చుకోవడం మరిచావు బిడ్డా, మళ్లీ చూడు” అని ఒక్క మాట పంపితే ఆ రాత్రే సరిచేసుకుంటుంది. అందరికీ రోజూ అలా చెప్పడం కుదరదు. రోజుకు ఆరుగురికి చొప్పున చెప్పినా వారంలో తరగతి పూర్తవుతుంది.

దూరాలు

2011 జనగణన నాటి వరంగల్ జిల్లా 2016 అక్టోబరులో ముక్కలైంది. వరంగల్ అర్బన్, రూరల్ జిల్లాలు 2021లో హనుమకొండ, వరంగల్ అని పేర్లు మార్చుకున్నాయి. భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ వేరయ్యాయి. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. మహబూబాబాద్ వైపు లంబాడీ తండాలు, ఏటూరునాగారం ఏజెన్సీలో కోయ గూడేలు ఉన్నాయి. అక్కడి పిల్లకు ఇంట్లో మాట గోరుబోలీ లేదా కోయ. తెలుగు బడిలో నేర్చుకునే భాష. టీవీలో వేగంగా సాగే తెలుగు పాఠాన్ని ఆపి “అంటే ఏంటి సారూ” అని అడగడానికి వీల్లేని చోట, ఆ పిల్లకు భాష గోడ, సిగ్నలు గోడ రెండూ ఎదురయ్యాయి. అక్కడ పనికొచ్చింది తెర కాదు, నడక. ఉపాధ్యాయులు వర్క్‌షీట్లు పట్టుకుని గూడేనికి పోయారు. చెట్టు కింద నలుగుర్ని కూర్చోబెట్టారు. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు తమ ఊళ్లలో గ్రామ అభ్యసన కేంద్రాలు నడిపి, తమకంటే చిన్నవాళ్లకు చదువు చెప్పారు. ఈ ప్రయత్నాలు ఆన్‌లైన్ చదువు కథలో ఒక మూలకు నెట్టవలసినవి కావు. తెర అందని చోట ఆ పని చేసింది వీళ్లే.

కేరళ ఈ సమస్యను వేరేలా ఎదుర్కొంది. 2020 జూన్ 1న ‘ఫస్ట్ బెల్’ పేరుతో విక్టర్స్ ఛానల్లో ఒకటో తరగతి నుంచే పాఠాలు మొదలుపెట్టి, టీవీ లేని పిల్లల కోసం గ్రంథాలయాల్లో, అంగన్‌వాడీల్లో తెరలు ఏర్పాటు చేసింది. ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు నింపిన ట్యాబులు పంచడం మొదలుపెట్టింది. నెట్ లేకపోయినా నడిచే పాఠం మంచి ఆలోచన. కానీ అది కూడా పెద్ద తరగతితోనే మొదలైంది. యంత్రం ఇవ్వవలసి వచ్చినప్పుడు ముందు పెద్దవాళ్లకే అందుతోంది. పరీక్ష వాళ్లకే ఉంది మరి.

నష్టం కొలత

‘అసర్’ సర్వే దేశమంతటా గ్రామీణ పిల్లల ఇళ్లకు పోయి వాళ్లచేత చదివిస్తుంది. బడిలో చేరిన పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉన్నవి 2018లో 36.5 శాతం, 2020లో 61.8 శాతం. రెండేళ్లలో ఇంత పెరగడం వెనుక ఎన్ని కుటుంబాల అప్పులున్నాయో ఊహించుకోవచ్చు. అదే సర్వే 2022లో తెలంగాణలో మూడో తరగతి పిల్లలకు రెండో తరగతి పాఠం ఇచ్చి చదవమంటే, చదవగలిగినవాళ్లు 5.2 శాతం. 2018లో వాళ్లు 18.1 శాతం. దేశం మొత్తం మీద 27.3 నుంచి 20.5కు తగ్గింది. 2022లో మూడో తరగతిలో ఉన్నవాళ్లెవరో చూడండి: 2020లో ఒకటో తరగతిలో చేరవలసి, టీవీ పాఠాల పట్టికలో లేకపోయినవాళ్లే. తెలంగాణ 2018లోనే వెనుకబడి ఉంది, కాబట్టి తప్పంతా బడి మూతది కాదు. అయినా ఫోన్లు పెరిగిన కాలంలోనే చదవడం ఇంత పడిపోయిందన్న సంగతిని ఏ వేదిక గురించి రాసేవాళ్లయినా పక్కన పెట్టుకుని రాయాలి. అజీమ్ ప్రేమ్‌జీ సంస్థ 2021లో ఐదు ఇతర రాష్ట్రాల్లో రెండు నుంచి ఆరు తరగతుల 16,067 మందిని పరిశీలించినప్పుడు, 92 శాతం మంది భాషలో ముందు ఏడాది వచ్చిన ఒక్క నైపుణ్యమైనా మరిచిపోయారని తేలింది.

దీనికి మందుగా తెలంగాణ ప్రభుత్వం 2022 ఆగస్టులో ప్రాథమిక తరగతుల కోసం ‘తొలిమెట్టు’ మొదలుపెట్టింది. చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు పిల్ల ఉన్న మెట్టు నుంచి నేర్పడం దీని పద్ధతి. అదే ఏడాది ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. పాఠ్యపుస్తకం ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా మారింది. ఇంటి చదువుకు ఈ జంట పేజీ మంచి సాయం. తెలుగు పేజీ చదవగలిగిన తండ్రి ఇంగ్లీషు పాఠం కూడా పిల్లతో మాట్లాడగలడు. ఇంగ్లీషు పలుకుబడి మాత్రం క్యూఆర్ కోడ్ వెనకున్న వీడియో నుంచో టీచరు గొంతు నుంచో రావాలి.

కళ్లు, వివరాల భద్రత

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన ప్రకారం మూడు నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర చూపకూడదు. తగ్గితే ఇంకా మేలు. చిన్న ఫోనులో ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూడటం కంటే, గోడకు ఆనించి దూరంగా కూర్చుని చూడటం మంచిది. టీవీ ఉంటే అదే మేలు.

పిల్లల వివరాల గురించి తల్లిదండ్రులు అంతగా ఆలోచించలేదు. 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ 49 దేశాల్లోని చదువు వేదికలను పరిశీలించి, చాలావాటిలో పిల్లల సమాచారం అనవసరంగా సేకరిస్తున్నారని చెప్పింది. దీక్షా పేరు కూడా ఆ నివేదికలో ఉంది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువారి సమాచారం తీసుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి రుజువుతో సహా ఉండాలంటుంది. పిల్లల్ని గురిపెట్టి ప్రకటనలు ఇవ్వరాదంటుంది. నియమావళి 2025 నవంబరులో వెలువడింది. ఊరి బడి స్థాయిలో జాగ్రత్త ఇంకా సులువైనది: పిల్ల తప్పు చేసిన నోటుబుక్కు నలభై ఇళ్లకు కనిపించే గ్రూపులో కాక, టీచరుకు విడిగా పంపమనడం. ఆరేళ్ల పిల్లకూ పరువు ఉంటుంది.

ఇప్పటి స్థితి

2022 సెప్టెంబరులో యునెస్కో అభ్యసన నగరాల అంతర్జాతీయ కూటమిలో 44 దేశాల నుంచి 77 నగరాలు చేరాయి. భారతదేశం నుంచి కేరళలోని త్రిస్సూర్, నీలంబూర్‌తో పాటు వరంగల్‌కు అందులో చోటు దక్కింది. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఎక్‌స్టెప్ ఫౌండేషన్ తోడ్పాటుతో ప్రాథమిక తరగతుల పిల్లలకు కృత్రిమ మేధ సాయంతో భాష, లెక్కలు నేర్పే ప్రయోగం కొన్ని జిల్లాల బడుల్లో మొదలుపెట్టింది. ఇది ఇంట్లో కాదు, బడి కంప్యూటర్ల ముందు, ఉపాధ్యాయుడి కళ్లెదుట జరుగుతుంది. ఇంటికి చేరేది ఇప్పటికీ వాట్సాప్ గ్రూపే.

ఆ గ్రూపుకు బడి మూసినప్పుడే మళ్లీ పని పడుతుంది. 2023 జూలై చివర్లో భారీ వర్షాలకు వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునిగి బడులకు సెలవులిచ్చారు. అలాంటి రోజు ఒకటో తరగతి పిల్లకు ఏం పంపాలన్నది ఇప్పుడు ఉపాధ్యాయులకు తెలుసు: కరెంటు ఉన్నా లేకపోయినా చెయ్యగలిగిన పని ఒకటి, అర నిమిషం గొంతులో. “బిడ్డా, కిటికీలోంచి చూసి, వానలో ఏమేం కనబడుతున్నయో నాలుగు పేర్లు రాయి. రాసినవి చదువుతూ అమ్మతో రికార్డు చేయించి పంపు. కరెంటు పోతే రేపు పంపినా సరే.”